సన్‌రూఫ్ వల్ల కారు బ్యాటరీ దిగిపోతుంటే: బాగు చేయించాలా, ఆపి ఉంచాలా తేల్చుకునే క్రమం

రెండు మూడు రోజులు ఇంటి ముందు నిలిపి ఉంచిన కారు సెల్ఫ్ అందుకోవడం లేదని, మెకానిక్ చూసి సన్‌రూఫే కరెంటు లాగేస్తోందని చెప్పాడని, ఇప్పుడు దానిని బాగు చేయించాలో వైరు పీకించి వదిలేయాలో తెలియడం లేదని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు పదే పదే అడుగుతున్నారు. ఉద్యోగరీత్యా విశాఖలోనో హైదరాబాదులోనో ఉంటూ కారును ఊళ్లో వదిలి వెళ్లే కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. రోజూ తిరిగే కారులో నెలల తరబడి దాగి ఉండే ఈ లోపం అలా నిలిపి ఉంచిన కారులో వారం తిరగకుండానే బయటపడుతుంది.

కరెంటు పోకుండా ఆపడం ఒక పని, సన్‌రూఫ్‌ను బాగు చేయించడం మరొక పని. మొదటిది ఈ రోజే, దాదాపు ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. అది జరిగాక రెండో పనిని నింపాదిగా ఆలోచించుకోవచ్చు. సన్‌రూఫ్ గాజు పూర్తిగా మూసుకోనప్పుడు, లోపలికి నీరు దిగుతున్నప్పుడు మాత్రం ఆలస్యం చేయకూడదు. కింది వరుసను మార్చకుండా పాటిస్తే కొత్త బ్యాటరీకో, కొత్త మోటారుకో అనవసరంగా డబ్బు పెట్టే అవసరం రాదు.

1. అన్నిటికంటే ముందు గాజు మూయండి

బ్యాటరీలో శక్తి ఉన్నప్పుడే గాజును పూర్తిగా మూసి ఉంచాలి. బ్యాటరీ దిగిపోయి ఉంటే వేరే బండి నుంచి జంపర్ వైర్లతో కరెంటు ఇచ్చి, ఇంజన్ స్టార్ట్ చేసి, స్విచ్చును మూసే వైపు వదలకుండా పట్టుకోండి.

మోటారు కదలకపోతే ఓనర్స్ మాన్యువల్‌లో చేత్తో మూసే పద్ధతి ఉందేమో చూడండి. కొన్ని కార్లలో ముందు సీట్ల పైనున్న లైటు మూత తీస్తే మోటారు కింద ఆరు పలకల గుంట కనిపిస్తుంది. అందులో ఎల్ ఆకారపు ఆలెన్ కీ పెట్టి మెల్లగా తిప్పితే గాజు జరుగుతుంది. ఈ ఏర్పాటు అన్ని కార్లలో ఉండదు కనుక, మాన్యువల్‌లో లేకపోతే బలవంతంగా ఏదీ తిప్పవద్దు.

ఏ విధంగానూ మూసుకోకపోతే పైకప్పు మీద మందమైన టార్పాలిన్ పరిచి, దాని అంచులను తలుపుల్లోంచి లోపలికి మడిచి, తలుపులు వేయండి. కారును షెడ్డులో పెట్టండి. షెడ్డు లేదని వేపచెట్టు కిందో జీడిచెట్టు కిందో పెడితే ఆకులు, పూత రాలి, 7వ అంశంలో చెప్పబోయే నీటి గొట్టాలు పూడిపోతాయి.

అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ మొదటి పనిని ఒక్క రోజు కూడా వాయిదా వేయవద్దు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు రెండూ అక్టోబరులోనే తీరం దాటాయి, తిత్లీ అయితే పలాస దగ్గరే దాటింది. అలాంటి సమయంలో ఊళ్లకు రోజుల తరబడి కరెంటు ఉండదు, ఛార్జర్ పని చేయదు, దిగిపోయిన బ్యాటరీతో సగం తెరిచిన గాజును మూయడం చాలా కష్టమవుతుంది.

2. దగ్గర పెట్టుకోవలసినవి

☐ 10 ఆంపియర్ల డీసీ కొలిచే సాకెట్టు, 200 మిల్లీ వోల్టుల రేంజి ఉన్న డిజిటల్ మల్టీమీటరు
☐ బ్యాటరీ టెర్మినల్ నట్టుకు సరిపోయే స్పానరు (చాలా కార్లకు 10 సైజు)
☐ తలుపు లాకును నొక్కడానికి ఒక స్క్రూడ్రైవరు
☐ మాన్యువల్‌లోని ఫ్యూజుల పట్టిక (పేజీని ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోండి)
☐ ఫ్యూజులు పీకే చిన్న ప్లాస్టిక్ పట్టకారు (ఎక్కువగా ఫ్యూజు బాక్సు మూతలోనే ఉంటుంది)
☐ టార్చి, కాగితం, పెన్ను

చేతి ఉంగరం, గొలుసు, లోహపు పట్టీ ఉన్న గడియారం తీసి పక్కన పెట్టండి. ఛార్జింగులో ఉన్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక దగ్గర బీడీ, సిగరెట్టు, అగ్గిపుల్ల ఉండకూడదు. టెర్మినల్ విప్పేటప్పుడు నెగటివ్‌ను ముందు తీయాలి, బిగించేటప్పుడు దానిని చివర పెట్టాలి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్ల జోలికి అసలు వెళ్లవద్దు. ఇక్కడ చెప్పేదంతా 12 వోల్టుల చిన్న బ్యాటరీ గురించే.

3. తప్పు బ్యాటరీదేమో మొదట తేల్చండి

సన్‌రూఫ్‌ను అనుమానించే ముందు బ్యాటరీని పరీక్షించాలి. పాత బ్యాటరీ దానంతట అదే దిగిపోతూ ఉంటే ఎన్ని ఫ్యూజులు పీకినా ప్రయోజనం ఉండదు.

బ్యాటరీని నెమ్మదిగా పూర్తి ఛార్జి చేయించండి. దాని సామర్థ్యంలో పదో వంతు కరెంటు చాలు, అంటే 45 ఆంపియర్ అవర్ బ్యాటరీకి సుమారు 4.5 ఆంపియర్లు. ఛార్జి అయ్యాక కనీసం నాలుగు గంటలు కదపకుండా ఉంచి వోల్టేజి చూడండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పావు వంతు, 12.2 అయితే సగం, 12.0 అయితే పావు వంతు మిగిలినట్టు.

తరువాత నెగటివ్ టెర్మినల్ విప్పి ఒక రాత్రి, ఒక పగలు అలాగే వదిలేయండి. తాళం చెవి కారులో ఉండిపోకుండా, బానెట్ మళ్లీ తెరుచుకునేలా చూసుకోవాలి. మర్నాడు సాయంత్రానికి వోల్టేజి 12.5కు తగ్గకుండా ఉంటే బ్యాటరీ ఛార్జిని నిలుపుకుంటోంది, పోతున్న కరెంటు కారులోకే పోతోంది. ఏమీ తగిలించకుండానే 12.2కు పడిపోతే తప్పు బ్యాటరీదే. అప్పుడు దుకాణంలో లోడ్ టెస్టు (ఎక్కువ కరెంటు లాగి బ్యాటరీ తట్టుకుంటుందో చూసే పరీక్ష) చేయించి, వారంటీ కార్డు తేదీ చూసి మార్పించండి. ఇంజన్ తనంతట తాను ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే సదుపాయం ఉన్న కారుకు అదే రకం బ్యాటరీ వేయాలి, చవకగా వస్తుందని మామూలుది పెట్టకూడదు.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టుల వరకు కనిపించాలి. కొన్ని కొత్త కార్లలో ఆల్టర్నేటరు అవసరాన్ని బట్టి హెచ్చుతగ్గులు చూపుతుంది కానీ, ఎంతసేపు చూసినా 13 దాటకపోతే ఛార్జింగే సరిగా లేదని అర్థం. అది వేరే మరమ్మతు.

4. నిలిపి ఉన్న కారు ఎంత కరెంటు లాగుతోందో కొలవండి

ఈ మార్గదర్శిలో ముఖ్యమైన భాగం ఇదే, ఎక్కువ మంది వదిలేసేదీ ఇదే. తాళం వేసి ఉన్న కారు కూడా అలారం, గడియారం, రిమోట్ రిసీవర్ల కోసం కొంత కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. అది సాధారణంగా 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల మధ్య ఉంటుంది.

45 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉన్న కారు 40 మిల్లీ ఆంపియర్లు లాగితే రోజుకు ఒక ఆంపియర్ అవర్ కూడా పోదు, సగం దిగడానికి మూడు వారాలు పైగా పడుతుంది. అదే కారు 400 మిల్లీ ఆంపియర్లు లాగితే రోజుకు 9.6 ఆంపియర్ అవర్లు పోయి, మూడో రోజుకే సగం దిగిపోతుంది. శుక్రవారం రాత్రి పెట్టిన కారు సోమవారం ఉదయం మొరాయించడానికి ఇంత చాలు.

కొలిచే ముందు డ్యాష్ కెమెరా, జీపీఎస్ ట్రాకరు, ఫోన్ ఛార్జరు, విడిగా పెట్టించిన స్టీరియో ఆంప్లిఫయరు లాంటి వాటిని తీసేయండి. డిక్కీ లైటు, గ్లవ్ బాక్సు లైటు మూత వేశాక ఆరిపోతున్నాయో లేదో కూడా చూడండి. లోపల ఫోన్‌తో వీడియో తీస్తే తెలిసిపోతుంది. సన్‌రూఫ్ మీద పడిన చాలా నింద వీటిలో ఒక దానిదే అయి ఉంటుంది.

తరువాత ఈ వరుసలో చేయండి.

(1) బానెట్ తెరవండి. డ్రైవరు వైపు అద్దం పూర్తిగా దించండి. ఆ తలుపు తెరిచి ఉండగానే, తలుపు అంచున ఉండే లాకు కొక్కేన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి మూసిన స్థితికి తేవాలి. అప్పుడు తలుపు మూసి ఉందని కారు అనుకుంటుంది, ఫ్యూజు బాక్సు మీకు అందుబాటులో ఉంటుంది. బానెట్‌కు కూడా స్విచ్చు ఉంటే దానినీ అలాగే నొక్కి ఉంచాలి.

(2) రిమోట్‌తో లాక్ చేసి, తాళం చెవిని ఇంట్లోకి, కారుకు దూరంగా పంపించండి. బటన్‌తో స్టార్ట్ అయ్యే కార్లలో తాళం చెవి దగ్గరే ఉంటే కారు మెలకువగానే ఉంటుంది.

(3) మీటరును 10 ఆంపియర్ల డీసీకి పెట్టి, ఎర్ర వైరును కూడా 10 ఆంపియర్ల సాకెట్టులోకి మార్చండి. టెర్మినల్ విప్పకముందే ఒక మొనను బ్యాటరీ నెగటివ్ దిమ్మకు, రెండో మొనను కేబుల్ క్లాంపుకు తగిలించి, మొనలు విడిపోకుండా క్లాంపును మెల్లగా పైకి తీయండి. ఇప్పుడు కారు తీసుకునే కరెంటంతా మీటరు గుండా పోతుంది, మధ్యలో తెగదు. నెగటివ్ క్లాంపు మీద చిన్న సెన్సారు ఉండే కార్లలో దానిని స్క్రూడ్రైవరుతో ఎత్తి విరగ్గొట్టవద్దు.

(4) మొదట కొన్ని ఆంపియర్లు కనిపిస్తాయి. కంగారు పడనక్కర లేదు. కారులోని మాడ్యూళ్లు (ఒక్కో పనిని నడిపించే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెలు) స్లీప్ మోడ్‌లోకి, అంటే అతి తక్కువ కరెంటు తీసుకునే నిద్ర స్థితిలోకి, వెళ్లడానికి కొన్నింటికి పది నిమిషాలు, కొన్నింటికి ముప్పావు గంట కూడా పడుతుంది. గంట సేపు ఆగి, అప్పటి అంకె రాసుకోండి.

(5) మీటరు తగిలించి ఉండగా కారు స్టార్ట్ చేయకూడదు, ఇగ్నిషన్ వేయకూడదు, తలుపు తెరవకూడదు. కొన్ని కార్లలో తలుపు తెరవగానే ఇంధనం పంపు తిరుగుతుంది. మీటరులోని ఫ్యూజు కాలిపోవడానికి అది చాలు.

గంట తరువాత 50 మిల్లీ ఆంపియర్లకు లోపల ఉంటే కారులో లీకేజీ లేదు, సన్‌రూఫ్ గురించి ఆలోచించనవసరం లేదు. 100 దాటితే తరువాతి అంశానికి వెళ్లండి. అంకె నిలకడగా ఉండక కొద్ది నిమిషాలకొకసారి పైకి లేచి దిగుతుంటే ఏదో ఒక మాడ్యూలు మళ్లీ మళ్లీ మేల్కొంటోందని తెలుసుకోండి. సన్‌రూఫ్ లోపాలు చాలా వరకు ఈ రకంగానే కనిపిస్తాయి.

5. ఆ కరెంటు సన్‌రూఫ్‌దేనని రుజువు చేసుకోండి

ఫ్యూజులను ఒక్కొక్కటే పీకి చూడడం అందరికీ తెలిసిన పద్ధతి. ఇందులో చిక్కు ఏమిటంటే, ఫ్యూజు తీసి పెట్టినప్పుడల్లా ఆ మాడ్యూలు మేల్కొని మళ్లీ అరగంట లెక్క మొదలవుతుంది. అందుకని ముందు ఫ్యూజు పీకకుండానే చూడండి. మరొక మీటరు ఉంటే సరే, లేకపోతే నెగటివ్ క్లాంపును యథాస్థానంలో బిగించి, అదే మీటరును ఎర్ర వైరు సాకెట్టుతో సహా 200 మిల్లీ వోల్టుల రేంజికి మార్చి, కారు మళ్లీ స్లీప్ మోడ్‌లోకి వెళ్లేదాకా ఆగండి. అప్పుడు ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల మీద మొనలు ఆనించండి. కరెంటు పారని ఫ్యూజు మీద సున్నా చూపుతుంది. పారుతున్న ఫ్యూజు మీద మిల్లీ వోల్టులో కొద్ది భాగమైనా కనిపిస్తుంది.

సన్‌రూఫ్‌కు ఒకే ఫ్యూజు ఉంటుందని అనుకోవద్దు. మోటారుకు 20 లేదా 30 ఆంపియర్ల పెద్ద ఫ్యూజు ఉంటుంది, దాని కంట్రోలు మాడ్యూలుకు మరో చిన్న ఫ్యూజు ఉండవచ్చు. ఆ చిన్నది లోపలి లైటుతోనో, అలారంతోనో కలిసి ఉండవచ్చు. పట్టికలో రెండూ గుర్తించండి.

అనుమానం ఉన్న ఫ్యూజు దొరికాక దానిని పీకి, మొత్తం కరెంటును మళ్లీ గంట ఆగి కొలవండి. 400 ఉన్నది 40కి దిగితే లైను దొరికినట్టే. ఆ ఫ్యూజు వేరే వాటితో కలిసి ఉంటే అంతటితో ఆగకండి. ఫ్యూజు తిరిగి పెట్టి, ముందు సీట్ల పైనున్న లైటు ప్యానెల్ దించి, సన్‌రూఫ్ మాడ్యూలు కనెక్టరు ఒక్కటే ఊడదీసి, మళ్లీ కొలవండి. అప్పుడు కూడా అంతే తగ్గితే ఇక సందేహం ఉండదు.

ఒక్కోసారి ఇంజన్ గదిలోనో డ్యాష్‌బోర్డు కిందనో ఉన్న నాలుగైదు ఫ్యూజుల మీద ఒకేసారి కరెంటు కనిపిస్తుంది. సన్‌రూఫ్ మాడ్యూలు నిద్రపోకుండా మిగతా మాడ్యూళ్లను కూడా లేపి ఉంచినప్పుడు ఇలా జరుగుతుంది. అందుకే సన్‌రూఫ్ కనెక్టరు తీసి చూడకుండా ప్రధాన కంప్యూటరు మార్చాలనే మాటకు ఒప్పుకోవద్దు.

మీటరు లేనివారు చేయగల చిన్న పరీక్ష కూడా ఉంది. కారును నీడలో తాళం వేసి నాలుగైదు గంటలు వదిలేసి, తరువాత పైనున్న లైటు ప్యానెల్ చుట్టూ చెయ్యి ఆనించి చూడండి. ఆ ఒక్క చోటు వెచ్చగా ఉన్నా, రాత్రి నిశ్శబ్దంలో పైకప్పు నుంచి టిక్ టిక్ మని రిలే శబ్దం వినిపించినా సన్‌రూఫ్ మాడ్యూలు పని చేస్తూనే ఉంది. ఇది అనుమానానికి ఆధారం మాత్రమే. డబ్బు పెట్టడానికి కొలతే కావాలి.

6. లోపం ఏ రకమో గుర్తించండి

బాగు చేయించాలా వద్దా అన్నది ఇక్కడే సగం తేలుతుంది. ఒకే లక్షణం వెనుక ఖర్చులో ఎంతో తేడా ఉన్న కారణాలు ఉంటాయి.

నీరు దిగి స్విచ్చు తుప్పు పట్టడం. స్విచ్చు లోపలి రేకులు తడికి పచ్చగా చిలుము పట్టి, ఎవరూ నొక్కకుండానే నొక్కినట్టు సంకేతం పంపుతాయి. కళింగపట్నం, బారువ, భోగాపురం వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్ల దగ్గర పెట్టే కార్లలో దీనిని మొదట చూడాలి. స్విచ్చు కనెక్టరు ఊడదీయగానే కరెంటు దిగితే మార్చవలసింది స్విచ్చు ఒక్కటే.

మూసుకున్న స్థానాన్ని మాడ్యూలు మరిచిపోవడం. బ్యాటరీ పూర్తిగా దిగినా, టెర్మినల్ విప్పినా కొన్ని కార్లలో ఇలా అవుతుంది. గాజు మూసే ఉన్నా మాడ్యూలుకు తెలియదు, అది విశ్రాంతిలోకి వెళ్లదు. గాజు ఒక్కసారిగా మూసుకోకుండా ఆగి ఆగి కదలడం దీని గుర్తు. రీసెట్ చేస్తే సరిపోతుంది.

పట్టాల్లో దుమ్ము, ఎండిన గ్రీజు, పక్కకు ఒరిగిన రబ్బరు. గాజు చివరి కొద్ది దూరంలో అడ్డుపడి వెనక్కి తెరుచుకుంటుంది. మూసుకోవడం పూర్తి కానంతకాలం మాడ్యూలు మెలకువగానే ఉంటుంది.

మాడ్యూలులో రిలే అతుక్కుపోవడం, మాడ్యూలు లోపల తడి చేరడం. మాడ్యూలు మార్చాలి. చాలా కార్లలో మోటారు, మాడ్యూలు కలిసి ఒకే భాగంగా వస్తాయి.

పట్టాలు, కేబుళ్లు వంగిపోవడం లేదా విరగడం. ఖర్చు ఎక్కువయ్యేది ఇక్కడే. లోపలి పైకప్పు గుడ్డను మొత్తం దించి, ఫ్రేముతో సహా అసెంబ్లీ మార్చాలంటారు.

7. డబ్బు పెట్టే ముందు చేసుకోవలసిన పనులు

సన్‌రూఫ్ చుట్టూ ఉన్న రబ్బరు నీటిని పూర్తిగా ఆపదు, అలా ఆపేలా దానిని తయారు చేయరు కూడా. రబ్బరు దాటిన నీరు, పెంకుటింటి చూరు కింద కట్టిన తొట్టిలోకి వాననీరు చేరినట్టు, గాజు చుట్టూ ఉన్న పళ్లెంలోకి చేరి, మూలల్లోని సన్నని గొట్టాల ద్వారా కిందికి పోతుంది. ముందు గొట్టాలు ముందు అద్దం పక్క స్తంభాల్లో, వెనుకవి వెనుక స్తంభాల్లో దిగుతాయి. అవి పూడితే నీరు పైకప్పు గుడ్డలోకి, స్విచ్చులోకి, మాడ్యూలులోకి, చివరకు డ్యాష్‌బోర్డు కింది ఫ్యూజు బాక్సులోకి చేరుతుంది.

అందుకే నా మాట ఒకటే: గొట్టాలు శుభ్రం చేయకుండా ఏ భాగాన్నీ మార్పించవద్దు. కారణం అలాగే ఉంటే కొత్త మాడ్యూలు కూడా వచ్చే వానాకాలానికి తడిసిపోతుంది.

గాజు తెరిచి, పళ్లెం ముందు మూలల్లో కనిపించే రంధ్రాల్లో ఒక చిన్న గ్లాసుడు నీళ్లు మెల్లగా పోయండి. కొద్ది క్షణాల్లో చక్రం వెనుకో, తలుపు కీలు దగ్గరో నీరు కారాలి. కారకపోతే ఇంకా పోయవద్దు. ఉద్దానం జీడితోటల్లో గడ్డి కోసే యంత్రానికి వాడే నైలాన్ తీగ ఇందుకు బాగా పనికి వస్తుంది. మొనను వేడి చేసి గుండ్రంగా చేసుకుని, తిప్పుతూ మెల్లగా దించండి. ఇనుప తీగ గొట్టాన్ని చీల్చేస్తుంది. పంక్చరు షాపు కంప్రెసరుతో గట్టిగా గాలి కొట్టిస్తే గొట్టం లోపల అతుకు దగ్గర ఊడిపోతుంది, తరువాత నీరంతా కారు లోపలే దిగుతుంది.

తరువాత పట్టాలను మెత్తని గుడ్డతో తుడిచి, మాన్యువల్ చెప్పిన గ్రీజును పలుచగా పూయండి. బేరింగు గ్రీజు, ఇంజన్ ఆయిలు దుమ్మును పట్టుకుని అడుసులా మారతాయి.

ఆఖరున రీసెట్. బ్యాటరీ నిండుగా ఉండి ఇంజన్ నడుస్తుండగా, చాలా కార్లలో స్విచ్చును మూసే వైపు కొన్ని సెకన్లు పట్టుకుంటే గాజు ఒకసారి కదిలి, పూర్తిగా తెరుచుకుని, మళ్లీ మూసుకుంటుంది. వరుస కారును బట్టి మారుతుంది కనుక మాన్యువల్ ప్రకారమే చేయండి. రీసెట్ జరిగేటప్పుడు వేళ్లు అడ్డు వస్తే గాజు ఆగుతుందన్న నమ్మకం లేదు కాబట్టి పిల్లలను కారులో ఉంచవద్దు.

ఇవన్నీ చేశాక 4వ అంశంలోని కొలతను మళ్లీ తీసుకోండి. 50కి లోపల వచ్చిందంటే మరమ్మతు అయిపోయినట్టే.

8. ఇప్పుడు నిర్ణయం

కింది వాటిలో ఒక్కటి ఉన్నా బాగు చేయించండి, వాయిదా వద్దు.

☐ గాజు పూర్తిగా మూసుకోవడం లేదు
☐ గొట్టాలు శుభ్రం చేశాక కూడా లోపలికి నీరు దిగుతోంది
☐ గాజు వదులుగా ఊగుతోంది లేదా పగులు ఉంది (జాతీయ రహదారి 16 మీద వేగంగా వెళ్లేటప్పుడు అది ఎగిరితే వెనుక వచ్చే వారికి ప్రాణాపాయం)
☐ కారు ఇంకా వారంటీలో ఉంది

నాలుగూ లేవనుకోండి: గాజు గట్టిగా మూసుకుంది, నీరు రావడం లేదు, కరెంటు మాత్రం పోతోంది. అప్పుడు కనెక్టరు తీసి ఆపి ఉంచడం తప్పేమీ కాదు, చాలా మందికి అదే సరైన నిర్ణయం కూడా. మన ఎండలకు మార్చి నుంచి జూన్ వరకు, వానలకు జూన్ నుంచి నవంబరు వరకు గాజు తెరవం. మిగిలేది చలికాలం. గడిచిన ఏడాదిలో మీరు దానిని ఎన్నిసార్లు తెరిచారో ఇంట్లో వారినే అడగండి.

స్విచ్చు ఒక్కటే పోతే వాడకం ఎంత తక్కువైనా మార్పించండి. మాడ్యూలు లేదా మోటారు పోతే, మీరు సన్‌రూఫ్‌ను నిజంగా వాడే వారైతేనే మార్పించండి. అసెంబ్లీ మొత్తం మార్చాలంటే, మరికొన్నేళ్లు ఆ కారును ఉంచుకునే ఉద్దేశం లేనివారు ఆ పనికి దిగకూడదని నా అభిప్రాయం. పైకప్పు గుడ్డ ఒకసారి దించాక క్లిప్పులు, మడతలు మునుపటిలా కుదరడం కష్టం. దాని అంచుల్లోనే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు కూడా ఉంటాయి.

త్వరలో అమ్మే ఆలోచన ఉన్నవారు సెకండ్ హ్యాండ్ కార్లు కొనే ఇద్దరిని విడివిడిగా అడగండి: సన్‌రూఫ్ పని చేస్తే ఎంత, చేయకపోతే ఎంత. ఆ తేడా మరమ్మతు అంచనా కంటే తక్కువైతే అలాగే అమ్మి, లోపం ఉన్నదని కొనే వారికి స్పష్టంగా చెప్పండి.

9. ఆపి ఉంచే సరైన పద్ధతి

గాజును పూర్తిగా మూసిన తరువాతనే కరెంటు తీయాలి. మోటారులోని వార్మ్ గేరు గాజును అక్కడే బిగించి ఉంచుతుంది. విడి ఫ్యూజు ఉంటే దానిని తీసి, ఒక కవరులో పెట్టి, ఏ స్థానానిదో రాసి గ్లవ్ బాక్సులో ఉంచండి. కలిసిన ఫ్యూజు అయితే మాడ్యూలు కనెక్టరును ఊడదీసి, ఇన్సులేషన్ టేపు చుట్టి, గలగలలాడకుండా వైరింగుకు కట్టండి.

వైరు కత్తిరించనివ్వవద్దు. తరువాత బాగు చేయించేటప్పుడు అతుకులు తప్పవు, వారంటీ అడిగే అవకాశమూ పోతుంది. ఆపి ఉంచినా నీటి గొట్టాల శుభ్రత మాత్రం మానకూడదు, ఎందుకంటే వాన ఎప్పటిలాగే పళ్లెంలోకి దిగుతుంది.

10. బాగు చేయించేటప్పుడు

కొన్ని కంపెనీల సర్వీసు సెంటర్లు శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లోనే ఉన్నాయి. మిగిలిన వారు విశాఖ వెళ్లవలసి వస్తుంది, విజయనగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 100 పైచిలుకు. కనెక్టరు తీసి ఉంచితే కారు మామూలుగా నడుస్తుంది కనుక టోయింగ్ వాహనం అవసరం లేదు. మీకు వీలైన రోజు తీసుకువెళ్లండి.

మంచి ఆటో ఎలక్ట్రీషియన్ స్థానికంగా ఉంటే కొలతలు, స్విచ్చు, గొట్టాల పని అతనితో చేయించుకోవచ్చు. మాడ్యూలు మార్చాక దానిని స్కానరుతో కారుకు జత చేయవలసిన కార్లకు, పైకప్పు గుడ్డ దించవలసిన పనికి మాత్రం ఆ కంపెనీ సర్వీసు సెంటరే మేలు. ఎయిర్‌బ్యాగుల కారణంగా బ్యాటరీ విప్పి కొన్ని నిమిషాలు ఆగిన తరువాతే ఆ పని మొదలుపెట్టాలి.

అంచనా అడిగేటప్పుడు ఇవి విడివిడిగా రాయించండి.

☐ భాగం పేరు, పార్టు నంబరు, ధర
☐ పైకప్పు గుడ్డ దించి ఎక్కించే కూలి
☐ గొట్టాల శుభ్రత, నీటి పరీక్ష
☐ జత చేయడం, రీసెట్
☐ చేసిన పనికి, కొత్త భాగానికి వారంటీ ఎన్నాళ్లు
☐ తీసిన పాత భాగాన్ని మీకు తిరిగి ఇవ్వడం

బీమా మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. సమగ్ర పాలసీ కూడా సాధారణ అరుగుదలకు, మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌కు డబ్బు ఇవ్వదు. తుపానుకు కొమ్మ విరిగిపడి గాజు పగిలితే అది వేరు. అలాంటప్పుడు ఏదీ కదపకముందే ఫోటోలు తీసి, బీమా కంపెనీకి తెలియజేసి, సర్వేయరు చూశాకే పని మొదలుపెట్టించండి.

11. తరచుగా జరిగే తప్పులు, వాటి సవరణ

గాజు చుట్టూ సిలికాన్ పూయడం అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. అది గొట్టాల నోళ్లను మూసేస్తుంది, గాజు కదలినప్పుడు రబ్బరును చింపుతుంది. ఇప్పటికే పూయించి ఉంటే ప్లాస్టిక్ బద్దతో మెల్లగా గీకించి, గొట్టాలను మళ్లీ పరీక్షించండి.

ప్రతి రాత్రి టెర్మినల్ విప్పడం రెండు మూడు రోజులకు పరవాలేదు. అలవాటుగా మారితే ప్రతిసారీ సన్‌రూఫ్ తన స్థానాన్ని మరిచిపోయి, అసలు లోపం ఏదో తెలియకుండా పోతుంది. కనెక్టరు ఒక్కటే తీయండి.

ఫ్యూజు పదే పదే కాలుతోందని పెద్దది వేయడం వైరింగు కాలడానికి దారి తీస్తుంది. ఫ్యూజు కాలుతోందంటే మోటారు బిగుసుకుందనో, వైరు రాసుకుంటోందనో అర్థం.

తుక్కు దుకాణంలో చూపుకు ఒకేలా ఉన్న మాడ్యూలు కొనడం. పార్టు నంబరు అక్షరం తేడా లేకుండా కలిస్తేనే తీసుకోండి.

వాటర్ వాష్‌లో ప్రెషర్ గన్ను రబ్బరు అంచుల మీద దగ్గరగా కొట్టించడం. సన్‌రూఫ్ దగ్గర మామూలు పైపుతోనే కడగమని ముందే చెప్పండి.

12. పని పూర్తయ్యాక సరిచూసుకోండి

సర్వీసు సెంటరులోనే, మీ ఎదుటే, కారుకు తాళం వేసి గంట ఆగి కరెంటు కొలిపించి ఆ అంకెను జాబ్ కార్డు మీద రాయించండి. గాజును మూడుసార్లు పూర్తిగా తెరిచి మూయించండి. నాలుగు మూలల్లో నీళ్లు పోయించి, కింద కారే చోట్లు చూడండి. లోపలి లైటు ప్యానెల్, సన్‌షేడ్ గలగలలాడకుండా ఉన్నాయో లేదో గతుకుల రోడ్డు మీద కొంత దూరం నడిపి వినండి.

ఇంటికి తెచ్చాక బ్యాటరీని నిండుగా ఛార్జి చేసి, మూడు రోజులు కదపకుండా నిలిపి, నాలుగో రోజు ఉదయం తలుపు తెరవకముందే బానెట్‌లో వోల్టేజి చూడండి. బానెట్ మీట కారు లోపల ఉంటుంది కనుక మూడు రోజుల ముందే దానిని లాగి, బానెట్‌ను సగం లాకులో వదిలి ఉంచాలి. 12.4కు తగ్గకపోతే పని సరిగా జరిగినట్టు. తగ్గితే జాబ్ కార్డుతో వారంటీ గడువులోనే తిరిగి వెళ్లండి.

గొట్టాల నీటి పరీక్షను ఏడాదికి రెండుసార్లు చేయండి: మే నెలాఖరున తొలకరికి ముందు ఒకసారి, సెప్టెంబరు చివర తుపాన్ల కాలానికి ముందు మరొకసారి.